ఫ్రాన్స్ రెస్టారెంట్లలో శాకాహారం అడగడం ఎలా? నాలుగు ఫ్రెంచి వాక్యాలు, కొన్ని మెలకువలు

ఫ్రాన్స్‌లో "నేను వెజిటేరియన్" అంటే అర్థం కాని వెయిటర్ ఇప్పుడు దాదాపు ఉండడు. 2019 నవంబరు నుంచి అక్కడి స్కూలు క్యాంటీన్లలో వారానికి ఒక పూట మాంసం, చేప లేని భోజనం పెట్టాలని చట్టమే ఉంది. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. అక్కడి వెజిటేరియన్ గుడ్డు తింటాడు. ఉల్లిపాయ సూప్ మాంసం నీళ్లతో చేశారా, కూరగాయల నీళ్లతో చేశారా అని అందరూ ఆరా తీయరు. సలాడ్ మీద చల్లిన నాలుగు పంది మాంసం ముక్కల్ని మాంసం కింద లెక్కవేయని వంటవాళ్లూ తగులుతారు.

అందుకే మీరెవరో చెప్పి ఊరుకోకండి. ఏమేం తినరో పేరుపేరునా చెప్పండి, ఆ వంటకంలో ఏముందో అడగండి. దానికి పెద్ద ఫ్రెంచి అక్కర్లేదు.

పలికే పద్ధతి

కింద ఫ్రెంచి మాటల్ని తెలుగు లిపిలోనే రాశాను. అరసున్న కనబడిన చోట గాలిని ముక్కులోకి వదలండి, చివర "న్" అని గానీ "మ్" అని గానీ మూసేయకండి. "సాఁ" అంటే "లేకుండా". మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మాట ఇదే. "జ సుయి"లోని "జ"ని "టెలివిజన్"లో జ పలికినట్టు మెత్తగా అనండి. వాళ్ల "ర" గొంతులోంచి వస్తుంది, మనది నాలుక మీంచి వస్తుంది. దాని గురించి టెన్షన్ వద్దు, అర్థం చేసుకుంటారు. ఒక్క "ప్వాసోఁ" దగ్గర మాత్రం జాగ్రత్త. "స" గట్టిగా పలికితే చేప, "జ" అయిపోతే విషం.

ఎలా పలికినా ఇవే వాక్యాల్ని ఫోన్‌లో ఫ్రెంచి లిపిలో రాయించి ఉంచుకోండి. నోటితో చెప్పి, ఆ వెంటనే స్క్రీన్ చూపించండి. వెయిటర్ లోపలికి వెళ్లి వంటవాడికి చెప్పేటప్పుడు అదే పనికొస్తుంది.

ముందు ఇంట్లో తేల్చుకోండి

మీ హద్దులు ఏమిటో రెస్టారెంట్‌లో కూర్చున్నాక చర్చించుకుంటే అవతలివాళ్లకి విసుగొస్తుంది. గుడ్డు తింటారా? కేకులో ఉంటే ఫరవాలేదా? మాంసం ముక్క లేకపోయినా మాంసం నీళ్లుంటే వద్దా? వంటలో వైన్ పోస్తే తింటారా? జున్ను (చీజ్) సంగతేమిటి? ఇంటిల్లిపాదీ వెళ్తుంటే అందరికీ ఒకే జవాబు ఉండకపోవచ్చు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నవాళ్లు వాళ్లనే అడిగి తెలుసుకోవడం మంచిది.

జున్ను గురించి ఒక మాట. రోక్‌ఫోర్, కొఁతే, నార్మండీ కామాఁబేర్ లాంటి పేరున్న సంప్రదాయ జున్నుల్లో పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు. వెయిటర్‌ని అడిగితే చాలాసార్లు అతనికే తెలీదు. అంచేత దీన్ని టేబుల్ దగ్గర తేల్చలేం, ఇంట్లోనే ఒక నిర్ణయానికి రావాలి. నా మట్టుకు నేను ఫ్రాన్స్‌లో ఉన్నన్ని రోజులూ జున్ను వరకు చూసీ చూడనట్టు పోవడమే ప్రాణానికి సుఖం అంటాను. వద్దనుకునేవాళ్లు మాత్రం బయటి భోజనాల్లో సగం వదులుకోవాలని తెలిసే వెళ్లాలి.

వేళ చూసుకుని, వీలైతే ముందే ఫోన్ చేయండి

మామూలు రెస్టారెంట్లలో మధ్యాహ్నం వంట 12 నుంచి 2 దాకా, రాత్రి 7 లేదా 7:30 నుంచి. మధ్యలో పొయ్యి ఆర్పేస్తారు. మూడింటికి వెళ్లి కూరగాయలు వండి పెట్టమంటే ఎవరూ పెట్టరు. మీకోసం ఏదైనా వేరేగా చేయించుకోవాలంటే జనం నిండకముందే, తలుపులు తీసీ తీయగానే వెళ్లడం మేలు. ఒంటిగంటకి వంటింట్లో ఊపిరాడదు, అప్పుడు అడిగితే లేదనడమే వాళ్లకి తేలిక.

టేబుల్ బుక్ చేసుకునేటప్పుడే చెబితే సగం పని అయిపోయినట్టే:

"బోఁజూర్, జ వుద్రే రెజెర్వె యూన్ తాబ్ల్ పూర్ కాత్ర్ పెర్సొన్, స స్వార్ ఆ వీ తర్. నూ సొమ్ వెజెతార్యాఁ. ఎస్ క సె పొసీబ్ల్?"

నలుగురికి ఈ రాత్రి ఎనిమిదింటికి టేబుల్ కావాలి, మేం శాకాహారులం, కుదురుతుందా అని. ఇద్దరికైతే "కాత్ర్" తీసేసి "ద" అనండి. కుదరదని ఫోన్‌లోనే చెప్పేస్తే బాధపడకండి, మీకు ఒక ప్రయాణం తప్పింది.

బయట పెట్టిన మెనూ చదవండి

ఫ్రాన్స్‌లో మెనూ, ధరలు గుమ్మం బయటే పెడతారు. కూర్చోకముందే చదివేయండి. "కార్త్" అంటే మనం మెనూ కార్డు అనేది. "మన్యూ" అంటే ఒకే ధరకి రెండు మూడు వంటకాలు కలిపి ఇచ్చే భోజనం. "ఆఁత్రే" ముందు వచ్చే చిన్న ప్లేటు, "ప్లా" అసలు భోజనం. నల్ల పలక మీద సుద్దముక్కతో రాసింది "ప్లా ద్యు జూర్", అంటే ఆ రోజు స్పెషల్. అందులో శాకాహారం దొరకడం అరుదు.

మెనూలో ఈ మాటలు కనబడితే ఆగండి: లార్దోఁ (పంది మాంసం చిన్న ముక్కలు), జాఁబోఁ (హామ్), తోఁ (ట్యూనా చేప), ఆఁష్వా (ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు), జెజియే (కందనకాయలు), కనార్ (బాతు), సోసీస్ (సాసేజ్). కొన్ని వంటకాల్లో ఇవి పేరులో కనబడవు, వంటకంతో పాటే వచ్చేస్తాయి. కీష్ లొరేన్‌లో (గుడ్లు, మీగడ పోసి కాల్చే ఉప్పటి పై) లార్దోఁ ఉంటుంది. నీస్ సలాడ్‌లో చేపలూ గుడ్డూ ఉంటాయి. ఆల్సేస్ వైపు పల్చటి పిజ్జాలా ఉండే తార్త్ ఫ్లాఁబేలో లార్దోఁ ఉంటుంది. పేరు చూసి ఉత్త బఠాణీలే అనుకునే "పెతీ ప్వా ఆలా ఫ్రాఁసేజ్"లో కూడా తరచూ అదే. లియోఁ నగరంలో కనెల్ అని మెత్తగా, తెల్లగా, చూడ్డానికి సాధుజంతువులా ఉండే వంటకం ఒకటుంది. అది మామూలుగా చేప ముద్దతో చేస్తారు.

ముందు నమస్కారం, తర్వాతే ప్రశ్న

ఇది మర్యాద కోసం రాసిన పేరా కాదు, పని జరగడానికి రాసింది. ఫ్రాన్స్‌లో పలకరించకుండా నేరుగా ప్రశ్న వేస్తే దురుసుతనం కింద లెక్క. పగలు "బోఁజూర్", సాయంత్రం "బోఁస్వార్" అనండి, అవతలివాళ్లు తిరిగి అనేదాకా ఆగండి, అప్పుడు మొదలెట్టండి. వెయిటర్‌ని చిటికేసి పిలవకండి. కళ్లు కలిపి "సిల్ వు ప్లే" అంటే చాలు. ఎప్పుడూ "వు" అనే గౌరవవాచకమే వాడండి, కుర్రాడైనా సరే.

ఆ తర్వాత అసలు మాట:

"జ సుయి వెజెతార్యాఁ. జ న మాఁజ్ ని వియాఁద్, ని పూలే, ని ప్వాసోఁ."

నేను శాకాహారిని, మాంసం, కోడి, చేప ఏదీ తినను. ఆడవాళ్లు చెప్పేటప్పుడు "వెజెతార్యెన్" అనాలి. మాంసం అని ఒకసారి చెప్పాక మళ్లీ కోడి ఎందుకంటారా? "వియాఁద్" అనగానే కొందరికి గొడ్డు మాంసం, గొర్రె మాంసమే తడతాయి. విడిగా చెబితే నష్టమేం లేదు.

గుడ్డు తినని వాళ్లు దీనికి ఒక తోక తగిలించాలి: "ఎ సాఁ జఫ్, సిల్ వు ప్లే." గుడ్డు కూడా లేకుండా, దయచేసి. మనలో చాలామంది చెప్పడం మరిచిపోయేది ఇదే. చెప్పకపోతే వాళ్లు ఎంతో ఆదరంగా ఆమ్లెట్ వేసి తెస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

గుడ్డు గొడవ తప్పించుకోడానికి "వీగన్" అనేస్తే పోలా అనిపిస్తుంది. ఫ్రెంచిలో దానికి "వెజెతాల్యాఁ" అనీ "వెగాన్" అనీ అంటారు. అలా అన్నారంటే వెన్న, మీగడ, పాలు, జున్ను అన్నీ పోతాయి. ఫ్రెంచి వంటలో అవి తీసేస్తే మీ ప్లేటులో ఉడికించిన క్యారట్లు మిగులుతాయి. పైగా "వెజెతార్యాఁ", "వెజెతాల్యాఁ" రెండూ వినడానికి ఒకేలా ఉండి వెయిటర్ తికమక పడతాడు. పాలు తాగేవాళ్లు ఆ మాట జోలికి పోవద్దు.

వంటకంలో ఏముందో అడగడం

ఒక అచ్చు గుర్తుపెట్టుకోండి: "ఇల్ యా ... దదాఁ?" అంటే "లోపల ... ఉందా?" మధ్యలో కావలసిన మాట పెట్టుకోవడమే.

"ఇల్ యా ద లా వియాఁద్ దదాఁ?" మాంసం ఉందా?
"ఇల్ యా దె లార్దోఁ దదాఁ?" లార్దోఁ ఉందా?
"ఇల్ యా ద లఫ్ దదాఁ?" గుడ్డు ఉందా?
"ఇల్ యా ద లా జెలాతీన్ దదాఁ?" జెలటిన్ (పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసి, వంటకం గట్టిపడడానికి వేసేది) ఉందా?

వేడి మేక జున్ను సలాడ్ సంగతే చూద్దాం. "సలాద్ ద షెవ్ర్ షో" అని దేశమంతా ప్రతి చిన్న కఫేలోనూ దొరుకుతుంది. రొట్టె ముక్కల మీద మేక జున్ను బిళ్లలు పెట్టి ఓవెన్‌లో కాస్త ఎర్రగా కాల్చి, ఆకుకూరల మీద పేర్చి, వాల్‌నట్లు, తేనె వేసి ఇస్తారు. శాకాహారులకి అక్కడ ఇంతకంటే మంచి స్నేహితుడు లేడు. అయితే కొన్ని చోట్ల దాని మీద వేయించిన లార్దోఁ చల్లుతారు, ఒక్కోసారి మెనూలో రాయకుండానే. సంభాషణ ఇలా నడుస్తుంది:

మీరు: "ల షెవ్ర్ షో, ఇల్ యా దె లార్దోఁ దదాఁ?"
వెయిటర్: "వీ, మే ఓఁ ప లె జాఁల్వె." (ఉన్నాయండీ, తీసేయొచ్చు.)
మీరు: "వు పువె ల ఫేర్ సాఁ లార్దోఁ?" (అవి వేయకుండానే చేయగలరా?)

మూడో వాక్యం మానకండి. "తీసేయడం" అంటే వేసినవాటిని ఏరేయడం కూడా కావచ్చు, అప్పుడు ఆ కొవ్వు ఆకులకి అంటుకునే ఉంటుంది. "ఫేర్ సాఁ", అంటే లేకుండా చేయడం అన్నారనుకోండి, వంటింట్లోకి ఆర్డరే అలా వెళ్తుంది.

కంటికి కనబడనివి మూడు: నీళ్లు, కొవ్వు, జెలటిన్. జెలటిన్ సంగతి తీపి దగ్గర చెబుతాను.

నీళ్లంటే "బూయోఁ". పేరుమోసిన ఫ్రెంచి ఉల్లిపాయ సూప్ మామూలుగా గొడ్డు మాంసం బూయోఁతోనే చేస్తారు. పైన జున్ను, కింద ఉల్లిపాయ, చూడ్డానికి పూర్తిగా శాకాహారం. కూరగాయల సూప్‌లో కూడా కోడి బూయోఁ పడొచ్చు. "సె తఁ బూయోఁ ద లెగ్యూమ్?" (కూరగాయల బూయోఁయేనా?) అని అడగండి. పుట్టగొడుగుల సాస్‌ల్లో "ఫోఁ ద వో" అనే దూడ మాంసపు రసం ఉండొచ్చు. ఉత్తర ఆఫ్రికా రెస్టారెంట్లలో "కూస్‌కూస్ లెగ్యూమ్" అని ఉడికించిన గోధుమ రవ్వతో కూరగాయల ప్లేటు అమ్ముతారు, బాగుంటుంది కూడా. కానీ కూరగాయలు ఉడికింది మాంసం ఉడికిన గిన్నెలోనేమో అడగాలి.

కొవ్వు సంగతి ఊరిని బట్టి మారుతుంది. లీల్ చుట్టుపక్కల, బెల్జియంలోనూ ఫ్రెంచ్ ఫ్రైలు గొడ్డు కొవ్వులో వేయించడం పాత సంప్రదాయం. నైరుతిలో బాతు కొవ్వుతో బంగాళాదుంపలు వేయిస్తారు. "లె ఫ్రీత్, సె తా లుయీల్ వెజెతాల్?" (ఫ్రైలు మొక్కల నూనెలో వేయించినవేనా?) అంటే తేలిపోతుంది. ఆ నూనెలోనే చేపలు కూడా వేయిస్తారేమో అన్నది మరో ప్రశ్న. అంత పట్టింపు ఉన్నవాళ్లు ఫ్రైలు మానేయడమే నయం.

ఇంకో ఆయుధం ఉంది. 2015 నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి రెస్టారెంటూ తన వంటకాల్లో అలర్జీ తెప్పించే 14 రకాల పదార్థాల్లో ఏవున్నాయో రాసి పెట్టి, అడిగితే చూపించాలి. "లా లీస్త్ దె జాలెర్జేన్, సిల్ వు ప్లే" అనండి. ఆ జాబితాలో గుడ్డు ఉంటుంది, చేప ఉంటుంది, రొయ్యల్లాంటివీ నత్తల్లాంటివీ ఉంటాయి. కాబట్టి గుడ్డు సంగతి వెయిటర్ జ్ఞాపకశక్తి మీద వదిలేయక్కర్లేదు. మాంసం మాత్రం ఆ పద్నాలుగింటిలో లేదు, దానికి నోటితో అడగడమే గతి.

జవాబులు అర్థం చేసుకోవడం

"పా ద సూసీ" అంటే ఇబ్బందేం లేదు. "జ వే దమాఁదె ఆఁ క్వీజీన్" అంటే వంటింట్లో అడిగొస్తాను. మీకు దొరికే జవాబుల్లో ఇదే మంచిది, అలా వెళ్లొచ్చినవాడి మాట నమ్మొచ్చు. "తూ తె దెజా ప్రెపారె" అంటే అంతా ముందే వండేశాం, మార్చలేం. "సా వా ఎత్ర్ కొఁప్లికె", కాస్త కష్టమవుతుంది అన్నారంటే కాదని మర్యాదగా చెప్పడమే. బతిమాలకండి, "మెర్సి, బొన్ జూర్నె" అని చెప్పి పక్క వీధికి పోండి.

మెనూలో ఏదీ కుదరకపోతే ప్రశ్న తిప్పి వేయండి: "కెస్ క వు పువె మ ప్రొపొజె, సాఁ వియాఁద్ ని ప్వాసోఁ?" మాంసం, చేప లేకుండా నాకేం పెట్టగలరు? ఉందా లేదా అంటే లేదనేస్తారు. ఏం పెట్టగలరంటే ఆలోచిస్తారు. మాంసం పక్కన వడ్డించే కూరగాయలు, బంగాళాదుంపల గ్రాతాఁ, బీన్స్ అన్నీ కలిపి "యూ నాస్యెత్ ద లెగ్యూమ్", అంటే కూరగాయల ప్లేటు చేసివ్వడం చాలా చోట్ల మామూలే. మీరే ఆ పేరు చెప్పి అడిగినా సరే. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివాళ్లు "సాఁ జాయ్ ని ఓన్యోఁ" అనొచ్చు. కాకపోతే అప్పటికప్పుడు చేయించుకోవడం కష్టం, ఫోన్ చేసి చెప్పాల్సిన బాపతు అది.

ఎక్కడికి వెళ్తే ప్రశ్నలు తగ్గుతాయి

క్రెపెరీలు, అంటే పల్చటి అట్లు వేసే చోట్లు, అన్నిటికంటే తేలిక. బక్‌వీట్ పిండితో వేసే ఉప్పటి గాలెత్‌లో మీకు కావలసినవి మీరే ఎంచుకోవచ్చు: ఫ్రొమాజ్ (జున్ను), షాఁపిన్యోఁ (పుట్టగొడుగులు), ఎపినార్ (పాలకూర లాంటిది). "కొఁప్లేత్" అని రాసిన దాంట్లో హామ్, గుడ్డు ఉంటాయి. గాలెత్ పిండిలో కూడా కొందరు గుడ్డు కలుపుతారు, బ్రిటనీలో పెనానికి పంది కొవ్వు రాసే పాత అలవాటుంది, అవి రెండూ అడగాలి. తీపి క్రేప్‌లో గుడ్డు ఖాయం.

నీస్ వెళ్తే సొక్కా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల ఓవెన్‌లో కాల్చి మిరియాల పొడి చల్లి ఇస్తారు, మన శనగపిండి అట్టుకి దూరపు చుట్టం. అక్కడే దొరికే పిస్సలాద్యేర్ అనే ఉల్లిపాయల రొట్టె మాత్రం వద్దు, ఉల్లిపాయల మధ్య చేపలుంటాయి. కొండ ప్రాంతాల్లో ఆలిగో అని బంగాళాదుంప, జున్ను కలిపి తీగలు సాగేలా కలియబెట్టేది శాకాహారమే, పక్కన సాసేజ్ పెట్టొద్దని చెప్పండి. ఆల్ప్స్ కొండల్లోని సవ్వా ప్రాంతపు జున్ను ఫొఁద్యూలో (కరిగించిన జున్నులో రొట్టె ముంచుకు తినేది) తెల్ల వైన్ పోస్తారు.

పారిస్‌లో నాలుక చచ్చిపోతే గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వైపు నడవండి. శ్రీలంక తమిళుల దుకాణాలు, దోసెలు, ఇడ్లీలు, సాంబారు అన్నీ ఉంటాయి. రొజియే వీధిలో ఫలాఫెల్ (శనగల వడలు) కూడా మంచి మందే. రైలెక్కే హడావుడిలో ఉంటే బేకరీలో "బాగెత్ ద త్రాదిస్యోఁ" కొనుక్కోండి. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఏ కల్తీ మందులూ కలపకూడదని 1993 నుంచి నిబంధన ఉంది. క్రువాసాఁ పైన మెరుపు కోసం సాధారణంగా గుడ్డు పూస్తారు. బ్రియోష్ లోపలే గుడ్డుంటుంది.

తీపి దగ్గర గుడ్డు తిననివాళ్లకి చిక్కు ఎక్కువ. క్రెమ్ బ్రూలే, చాక్లెట్ మూస్, మకరోఁ, మద్లెన్ అన్నిటిలోనూ గుడ్డే. మూస్‌ల్లో, పన్నా కొత్తాలో జెలటిన్ కూడా ఉండొచ్చు. పండ్ల ముక్కలు, ఫ్రొమాజ్ బ్లాఁ (చిక్కటి పెరుగు లాంటిది) గుడ్డు భయం లేకుండా తినొచ్చు; రెన్నెట్ వద్దనుకునేవాళ్లు మాత్రం ఫ్రొమాజ్ బ్లాఁ దగ్గరా ఆలోచించుకోవాలి. సొర్బేలో గుడ్డు తెల్లసొన లేదని అడిగి తీసుకోండి.

ప్లేటులో తేడా వస్తే

ముట్టుకోకముందే పిలవండి. "ఎక్స్‌క్యూజె మ్వా, ఇల్ యా దె లార్దోఁ దదాఁ. జ న ప పా ల మాఁజె. వు పువె ల రఫేర్?" ఇందులో ఇవి ఉన్నాయండీ, నేను తినలేను, మళ్లీ చేసివ్వగలరా? గొంతు పెంచక్కర్లేదు. ముందు మీరు స్పష్టంగా చెప్పి ఉంటే, ఫోన్‌లో వాక్యం చూపించి ఉంటే, వాళ్లు వాదించడం అరుదు. సగం తిన్నాక చెబితే మాత్రం మార్చడానికి మొహం చిట్లిస్తారు.

మంచినీళ్లకి డబ్బు పెట్టకండి, "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు, బ్రెడ్ కూడా భోజనం ధరలోనే. చివర్లో "లాదిస్యోఁ, సిల్ వు ప్లే" అంటే బిల్లు తెస్తారు. సర్వీసు ఛార్జీ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు మీ ఇష్టం. వంటింట్లోకి రెండుసార్లు తిరిగిన వెయిటర్ కోసం ఒకటో రెండో యూరోలు టేబుల్ మీద వదిలితే బాగుంటుంది.